తువ్వాల కింద మడిచిన వేలు

నంది జాతర నుంచి అంజనమ్మ తోలుకొచ్చిన తెల్ల జత నాలుగో పొద్దుకే సొల్లు కార్చింది. పదిహేనో పొద్దుకు మిట్టేమరిలో ఏ కొట్టంలో చూసినా ఎద్దు కాలు నేల మీద మోపడం లేదు. గాలికుంటు రోగం. ఉగాది దాటగానే మంచి వాన పడింది. నేల పదునుకొచ్చింది. దున్నడానికి ఊళ్ళో ఎద్దు లేదు. ఇంతవరకు మీరు చదివారు.

ఇక ఊరికి కావలసింది ఒకే ఒక్క జవాబు. అంజనమ్మ ఆ జతను తెలిసి కొన్నదా, తెలియక కొన్నదా?

తెలియక కొని ఉంటే ఆమె కూడా అందరిలా నష్టపోయిన మనిషి. తెలిసి కొని ఉంటే కట్టుబాటు. ఊరి బావిలో ఆమెకు నీళ్ళు ఉండవు. పొయ్యికి నిప్పు ఇవ్వరు. ఆమె చేనుకు ఒక్క నాగలి కదలదు. పడిపోయిన మొగుణ్ణి పెట్టుకుని ఆమె ఎక్కడికి పోవాలి?

యుద్ధం మొదలైనప్పటి నుంచి ఎద్దుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. అలాంటి రోజుల్లో ఆ జత సగం ధరకు వచ్చింది. అనుమానానికి అంతకంటే ఎరువు అక్కరలేదు.

సోమవారం మధ్యాహ్నం పంచాయితీ అంజనమ్మ ఇంటి తిన్నె మీదే పెట్టారు. మొగుడు బైరప్ప లోపల మంచంలో ఉన్నాడు. కార్తీకంలో అతనికి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. తమ్ముడు కృష్ణప్ప మాత్రం తనకు అర్థమవుతుందంటాడు. అంజనమ్మకు అర్థం కాదు. అందుకని మంచం పక్కన ఒక కర్ర పెట్టింది. ఆమె ఏదన్నా అడిగితే అతను ఎడమ చేత్తో తలుపు చెక్క మీద కొడతాడు. ఒక దెబ్బ కొడితే అవును. రెండు కొడితే కాదు. ఐదు నెలలుగా ఆ ఆలుమగల మధ్య ఉన్న భాష అంతే.

పటేలు నంజప్ప తిన్నె మధ్యలో కూర్చున్నాడు. ఆయన పక్కనే కృష్ణప్ప. అన్నదమ్ములు వేరుపడి ఆరేళ్ళయింది. అయినా అన్న పడిపోయినాక వదిన తరపున సంతకు పోయేది కృష్ణప్పే. జాతరలో బేరం చేసిందీ అతనే. ఆడమనిషి చెయ్యి తువ్వాల కిందికి పోకూడదు.

ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. దలాలి తన చేతి మీద తువ్వాల కప్పుతాడు. దాని కింద రెండు చేతులు కలుస్తాయి. వేళ్ళు పట్టి ధర చెబుతారు, వేళ్ళు పట్టే తగ్గిస్తారు. చుట్టూ నూరు మంది నిలబడి చూస్తుంటారు. ఎవరికీ ఏమీ కనపడదు.

ఊళ్ళో రోగం తగలని జత ఒక్కటే ఉంది. అది కృష్ణప్పది. జాతరకు ముందురోజు దాన్ని బాగేపల్లిలో మామగారింటికి తోలాడు. వాళ్ళకు బండి పని పడిందన్నాడు. అదృష్టమంటే కృష్ణప్పదని ఊరు అనుకుంది. అనుకుని ఊరుకుంది.

దలాలి పిళ్ళప్ప పేరేసంద్ర నుంచి నడిచి వచ్చాడు. తలారి పోయి పిలిస్తే మారుమాట లేకుండా బయలుదేరాడట. అరవై దాటిన మనిషి. ముఖం ఎండకు నల్లబడింది. చేతులు మాత్రం మెత్తగా ఉంటాయి. నలభై మూడేళ్ళుగా ఆ చేతులు పార పట్టలేదు, నాగలి పట్టలేదు. ఇతరుల చేతులు పట్టాయి.

"కూర్చోప్పా," అన్నాడు నంజప్ప.

"నిలబడే ఉంటాలే అన్నా. కూర్చుంటే బేరానికొచ్చినాననుకుంటారు."

"బేరం ఐపాయలే నాయనా," అంది కెంపమ్మ. ఆమెది పక్కిల్లు. "నా ఆవు పండుకోనుండాది. దూడ సచ్చిపాయ. ఇంగ మా కొట్టంలో నాలుగు కాళ్ళ మీద నిలబడేది మంచమొకటే. దాన్ని తోలుకుపోతావా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పిళ్ళప్ప నవ్వలేదు.

నంజప్ప గొంతు సవరించుకున్నాడు. "చింతామణికి మనిషిని పంపినాము. జత అమ్మినోడు సీనప్ప కదా. ఆయప్ప ఏమని పంపినాడో తెలుసునా?"

"తెల్దు."

"'అడిగినోళ్ళకు అబద్ధం చెప్పుంటే తప్పు నాది. అడగనోళ్ళకు చెప్పేదానికి నేనేమన్నా హరికథ దాసునా' అని. ఇంగ నువ్వు చెప్పు. ఆ జతకు రోగముండాదని సీనప్ప నీకు చెప్పినాడా, లేదా?"

పిళ్ళప్ప భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "తువ్వాల కింద మాట పైన చెప్పనన్నా."

"చెప్పవా?"

"చెప్పను. ఈ పొద్దు మీకోసరం ఒకటి చెప్తే, రేపు ఇంగొకరి కోసరం ఇంగొకటి చెప్తాను. ఆ మీదట నా తువ్వాల కింద ఎవురు చెయ్యి పెడతారు?"

కృష్ణప్ప లేచాడు. అందరికంటే అతని గొంతే పెద్దది. "విన్నారా? దొంగకు నీతి! ఆ చేత్తో సీనప్ప దగ్గర తినినాడు, ఈ చేత్తో మా దగ్గర తినినాడు. నాకొక్క మాట చెప్పుంటే ఆ జతను ముట్టుకుందునా నేను? మా వదిన కొంప ముంచుదునా?"

పిళ్ళప్ప అతని ముఖం చూడలేదు. అతని చేతులు చూశాడు. చాలాసేపు చూశాడు. కృష్ణప్ప చేతులు కట్టుకుని చంకల్లో దాచుకున్నాడు.

అప్పుడే లోపలి నుంచి కర్ర చప్పుడు వచ్చింది. ఒక దెబ్బ. బైరప్పను ఎవరూ ఏమీ అడగలేదు.

అంజనమ్మ లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు పట్టుకుపోయింది, అదే చెంబుతో తిరిగి వచ్చింది. నీళ్ళు తగ్గలేదు.

"ఏం కావాలంట?" అన్నాడు నంజప్ప.

"ఏమో. నీళ్ళిస్తే మొగం తిప్పుకున్నాడు."

ఆమె గడప దగ్గర కూర్చుంది. ఊరి కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో జాలి ఎంతుందో, లెక్కగట్టి చూసేది ఎంతుందో ఆమెకు తెలుసు. ఉదయం బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను చూసి చేద తీసి పక్కన పెట్టారు. కట్టుబాటు ఇంకా వెయ్యలేదు. అయినా చేదకు తెలిసిపోయింది.

"పిళ్ళప్పా," అన్నాడు నంజప్ప. "నీ మీద చెడ్డమాట ఇంతవరకు మేము విన్లేదు. అందుకే ఇంగోసారి అడుగుతాండా. ఈ యమ్మ బతుకు నీ నోట్లో ఉండాది. చెప్పేది ధర్మమా, చెప్పకుండేది ధర్మమా?"

పిళ్ళప్ప చేతిలోని తువ్వాలను చూశాడు.

"మా నాయన గూడా దలాలేనన్నా. నాకు మీసం మొలిచినప్పుడు ఈ తువ్వాల నా చేతిలో పెట్టి ఒక మాట చెప్పినాడు. 'ఒరే, మనిషి నిజం చెప్పేది ఏంటికి? గిరాకీ మళ్ళీ రావల్లని ఒకడు చెప్తాడు. పైనోడు చూస్తాండాడని ఒకడు చెప్తాడు. ఇద్దరిదీ భయమే. తువ్వాల కింద గిరాకీకి కనపడదు. పైనోడికీ కనపడదనే అనుకో. ఆడ గూడా నిజమే చెప్తే, అది నిజం' అనె. అట్లే చేసినాను. ఈ చేతులు తువ్వాల కింద ఒక్క అబద్ధం చెప్పలేదు."

"అంటే? నిజం చెప్పినానంటావా?"

"చెప్పినానని గూడా నేను చెప్పకూడదన్నా."

"చూడండప్పా, మెలిక!" అన్నాడు కృష్ణప్ప. "ఇంగేం పంచాయితీ? వీన్ని పట్టి అమల్దారు ముందర నిలబెడదాం పాండి."

జనం కదిలారు. ఎవరో పిళ్ళప్ప భుజం పట్టుకున్నారు కూడా. అప్పుడు అంజనమ్మ లేచి వచ్చింది. నేరుగా పిళ్ళప్ప ముందు నిలబడింది.

"అన్నా, నోటితో చెప్పొద్దులే. నీ కట్టు నువ్వు తప్పొద్దు. ఆ పొద్దు తువ్వాల కింద కొనేవాళ్ళ చేతికి ఏం చెప్తివో, ఈ పొద్దు అదే తువ్వాల కింద మళ్ళీ చెప్పు. కొన్నది నేను. చెయ్యి నాది."

ఆమె కుడిచెయ్యి చాచింది.

తిన్నె మీద గొణుగుడు మొదలైంది. కృష్ణప్ప ముఖం ఎర్రబడింది. "వదినా! పరాయి మగోడి చేతిలో చెయ్యి పెడతావా, ఊరు ముందర? మా ఇంటి మానమేం కావల్ల?"

"మానం మాటకేంలే కృష్ణప్పా," అంది కెంపమ్మ. "ఐదు నెల్ల నుంచి పేడ ఎత్తే చెయ్యి అది. పట్టుకుంటే ఆయప్పకే కష్టం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నంజప్ప తల ఊపాడు. "కానీ."

పిళ్ళప్ప అప్పుడు కూర్చున్నాడు. బేరానికి కూర్చున్నట్టే కూర్చున్నాడు. అంజనమ్మ ఎదురుగా కూర్చుంది. అతను తువ్వాల దులిపి కప్పాడు. దాని కింద చేతులు కలిశాయి.

ఊరంతా చూసింది. తువ్వాల కొంచెం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. పిళ్ళప్ప కళ్ళు మూసుకున్నాడు. అంజనమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. అంతలోనే అయిపోయింది. అతను తువ్వాల తీశాడు.

అంజనమ్మ తన చెయ్యి తనే చూసుకుంది. తరువాత అందరికీ వినపడేటట్టు అంది:

"ముందర నాలుగు వేళ్ళూ కలిపి పట్టినాడు. తరువాత రెండు వేళ్ళు పట్టినాడు. అది ధరేమో. కడాకు చిటికెనవేలు అరచేతిలోకి మడిచి గట్టిగా ఒత్తినాడు. నాకు తెలీక అడుగుతాండా. ఆ వేలు మడిస్తే ఏమని అర్థం?"

తిన్నె మీద, కింద, అరుగు వార అంతమంది మగవాళ్ళున్నారు. సంతకు పోని మగవాడు ఆ ఊళ్ళో లేడు. అందరూ నేల చూశారు. ఒకడు కాలి బొటనవేలితో మట్టి గీకాడు. తెలిసినందుకే వాళ్ళు పలకలేదని ఆమెకు అర్థమైంది. ఇంతమందికి తెలిసిన గుర్తు తనకొక్కదానికే తెలియదని కూడా అర్థమైంది.

"నంజప్పన్నా, నువ్వన్నా చెప్పు."

నంజప్ప గొంతు చిన్నదైంది. "దోషముండాదని, తల్లీ. పశువులో దోషముండాది, తెలిసి కొనుక్కోమని."

ఆ మాట తిన్నె మీద నుంచి దిగి అందరి దగ్గరికీ నడిచింది. పిళ్ళప్ప చెప్పాడు. అబద్ధమాడలేదు. చెప్పింది ఒక చేతికి. జాతరలో ఆ తువ్వాల కింద ఉన్న చెయ్యి ఎవరిదో ఊరికి తెలుసు. ఒక్కొక్క తల కృష్ణప్ప వైపు తిరిగింది.

అంజనమ్మ తిరగలేదు. ఆమె ఇంకా పిళ్ళప్పనే చూస్తున్నది.

"అన్నా. ఆ పొద్దు నేను యాడ నిలబడి ఉంటిని?"

"రెండు బారల దూరంలో. చెరుకురసం బండి కాడ." పిళ్ళప్ప గొంతులో తడబాటు లేదు. "చేతిలో కొత్త పగ్గం ఉండె."

"నా మొగం చూసినావా?"

"చూసినాను. ఎడమ ఎద్దు నుదురు నిమురుతా ఏదో పేరు పెట్టి పిలుస్తా ఉంటివి."

"తువ్వాల తీసినాక నీ నోరు నీ దగ్గరే ఉండె కదా. 'అమ్మా, ఇది వద్దు' అనే దానికి ఎంతసేపు? నువ్వు చేతికి నిజం చెప్తివి అన్నా. దున్నుకునే మనిషికి చెప్పలేదు. ఎవరికీ కనపడని తావున నిజం చెప్పమని మీ నాయన నేర్పె. సరే. అందరికీ కనపడే తావున చెప్పొద్దని గూడా ఆయప్పే నేర్పెనా?"

పిళ్ళప్ప తువ్వాలను నాలుగు మడతలు పెట్టాడు. ఎప్పుడూ భుజం మీద వేసుకునేవాడు, ఈసారి తిన్నె మీద, నంజప్ప కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నా కట్టు తప్పలేదనుకుంటిని," అన్నాడు. "కట్టు తప్పలేదు. తప్పు చేసినాను. రెండూ ఒకటి కాదని ఈ పొద్దు తెలిసె."

కృష్ణప్పే ముందు తేరుకున్నాడు. "ఏందప్పా ఇది? జాతర సందడి. జనం తోపులాట. వేలు మడిచినాడో, ఒత్తినాడో, నాకు తెలీనే లేదు. తెలుస్తే కొందునా? నేనేమన్నా దలాలినా?"

"ఐతే ఒక మాట," అన్నాడు పిళ్ళప్ప. "ఇది తువ్వాల కింద చెప్పిన మాట గాదు. చెప్పని మాట. అందుకని చెప్పొచ్చు."

నంజప్ప ముందుకు వంగాడు.

"నలభై మూడేండ్లుగా చేతులు పడతాండానన్నా. దోషమని వేలు మడిస్తే ఏ చెయ్యైనా ఒకసారి ఉలుకుతాది. ఎంత గట్టి మనిషైనా ఉలుకుతాది. ఇప్పుడు ఈ యమ్మ చెయ్యి ఉలకలేదు. ఏంటికి? ఆ గుర్తే ఈ యమ్మకు తెల్దు. ఆ పొద్దు గూడా ఒక చెయ్యి ఉలకలేదు. దానికి గుర్తు తెలుసు. తువ్వాల కిందికి రాకముందే సంగతీ తెలుసు. ఇంగొకటి. ఆ జతను నేను ఎవురికీ చూపియ్యలేదు. ఆ చెయ్యే నన్ను ఆ జత కాడికి తోలుకుపాయ."

కొట్టంలో తెల్ల జతలో ఒకటి మూలిగింది. ఆ మూలుగు అందరూ విన్నారు.

అంజనమ్మ అప్పుడు తిరిగింది. కోపంగా కాదు. దారిలో ఏదో పోగొట్టుకుని వెతుకుతున్న మనిషిలా మరిదిని చూసింది.

"కృష్ణప్పా. మీ మామగారింట్లో బండి పని ఐపాయనా?"

అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"జాతరకు ముందురోజు తోలితివి. నెల దాటె. వాన పడె. ఊరంతా ఎద్దుల్లేక ఏడుస్తాంటే నీ జత ఇంగా బాగేపల్లిలోనే ఉండాది. రోగం ఊళ్ళోకి రాకముందే దానికి దావ ఎట్ల తెలిసె నాయనా?"

వెనక ఎవరో "అవునప్పా" అన్నారు. ఇంకొకరు అన్నారు. తిన్నె కింద ఉన్నవాళ్ళు దగ్గరకు జరిగారు. అదృష్టం అనుకుని ఊరుకున్న మాట ఒక్కొక్కరికీ ఇప్పుడు గొంతులో అడ్డం పడింది. నంజప్ప తన పక్కన నిలబడ్డ కృష్ణప్ప నుంచి జానెడు దూరం జరిగాడు. జరిగిన సంగతి ఆయనకు తెలియదు. చూసినవాళ్ళకు తెలుసు.

కృష్ణప్ప చంకల్లో నుంచి చేతులు తీశాడు. జాతరలో ఉలకని చేతులు.

"నన్నడుగుతావా వదినా?" అన్నాడు. గొంతు పెద్దది కాదు ఇప్పుడు. "ఎద్దుల్ని బాగేపల్లికి తోలుమన్నది నేనా? సీనప్పతో ముందే మాట పెట్టుకోమన్నది నేనా? ఆ జతనే కొనమని, నీకు చెప్పొద్దని నా చేత తన తల మీద ఒట్టు పెట్టిచ్చుకున్నది నేనా? నేను పొయ్యింది చెయ్యి లేని మనిషి చెయ్యిగా. చెయ్యినేంటికి అడుగుతావు? మనిషిని అడుగు. లోపలే ఉండాడు."

"అబద్ధం," అంది కెంపమ్మ. అన్నదే కాని గొంతులో బలం లేదు.

మొగుడి మాట తనకొక్కడికే అర్థమవుతుందని చెప్పుకునే మనిషి చెప్పిన మాట అది. నమ్మడానికి లేదు. అయితే ఇందాక అడగకుండానే ఒక దెబ్బ పడింది. నీళ్ళిస్తే ముఖం తిప్పుకున్నాడు. తమ్ముడు పిళ్ళప్పను దొంగ అన్నప్పుడు కదా ఆ దెబ్బ పడింది?

అంజనమ్మ గడప దగ్గరికి నడిచింది. లోపలికి పోలేదు. మూసిన తలుపు మీద అరచెయ్యి పెట్టింది. ఇందాక పిళ్ళప్ప వేలు మడిచిన చెయ్యే అది.

"ఏమయ్యా," అంది. ఆ పిలుపు రోజూ పిలిచేదే. "ఇనపడుతాందా నీకు?"

ఒక దెబ్బ.

"నీ తమ్ముడు చెప్పేదంతా ఇనినావా?"

ఒక దెబ్బ.

ఊరు మొత్తం ఆ తలుపునే చూస్తున్నది. పిళ్ళప్ప మాత్రం తల దించుకున్నాడు. అతను తలుపు అవతలి చెయ్యి ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తున్నాడు.

"నా మొగం చూసి చెప్పలేవని తలుపు తియ్యలేదు," అంది అంజనమ్మ. "తలుపు వెనకాలైనా నిజమే చెప్పు. రోగముండాదని తెలిసి, నాకు చెప్పకుండా, నా చేత ఆ జతను నువ్వే కొనిపిచ్చినావా?"

లోపల మంచం కిర్రుమంది.

తరువాత ఒక దెబ్బ పడింది.

అంజనమ్మ తలుపు మీది చెయ్యి తియ్యకుండా, కాదనే రెండో దెబ్బ కోసం కాచుకుంది.